కత్తెర బరువైన రోజు

మా మామయ్య దర్జీ. ఒకప్పుడు ఆయన కూర్చుంటే వెనకున్న కుట్టుమిషను కనబడేది కాదు. షుగరు ముదిరి, మోకాళ్లు మొరాయించాక, పొట్ట చిన్నది చేసే ఆపరేషన్ చేయించుకున్నాడు.

ఇక చూడాలి ఆయన సంబరం. షాపు తెరవగానే మెళ్లో టేపు తీసి నడుము కొలుచుకోవడం, ప్యాంటు కుట్లు విప్పి సైజు తగ్గించుకోవడం.

"చూశావా అల్లుడూ, ఇంకో వేలు లోపలికి!"

నడుమునే చూశాం అందరం. పళ్లెం ఎవడు చూశాడు? ముందు గుడ్డో చేపో తినాలని, బాగా నమలాలని ఆసుపత్రిలో డైటీషియన్ మరీ మరీ చెప్పింది. ఈయనేమో కస్టమర్ల బట్టకి జిడ్డు అంటుతుందని అవేవీ ముట్టడు. పొద్దస్తమానం టీలో ముంచిన బిస్కెట్లే భోజనం.

"టీ ఒలికితే మరక కాదా?" అనేది అత్తయ్య.

"నేనెప్పుడైనా ఒలికించానా?"

నిజమే, ఒలికించలేదు. జుట్టు మాత్రం రాలింది, కత్తిరించే బల్ల మీదే.

ఒకరోజు చలికోటు కోసం దళసరి బట్ట పరిచాడు. సగంలో కత్తెర ఆగిపోయింది. బలవంతాన నొక్కాడు. గీత పక్కకు పోయింది. ఆయన చేతిలో బట్ట పాడవడం నేనెప్పుడూ చూడలేదు.

"పదును పోయిందిరా."

నేను తీసుకుని ఓ ముక్క కత్తిరించాను. సరసరా తెగింది. ఆయన కత్తెర వంక చూశాడు, తర్వాత తన చేతి వంక. స్టూలు మీద కూలబడ్డాడు.

డైటీషియన్ దగ్గర ఆయన అడిగింది ఒక్కటే. "మళ్లీ కత్తెర పట్టగలనా అమ్మా?"

"తింటే పడతారు. కొవ్వుతో పాటు కండా కరిగిపోతోంది. ఆ పొట్టలో ఉన్నదే కాస్త చోటు. అదీ బిస్కెట్లకిచ్చేస్తే చేతులకేం మిగులుతుంది? రాసిచ్చిన విటమిన్ మాత్రలు వేసుకుంటున్నారా?"

మామయ్య పక్కనున్న అత్తయ్య వంక చూశాడు.

"లోకమంతటికీ కొలతలు తీస్తారు, తన పళ్లెం కొలత తెలీదు!" అంది అత్తయ్య.

ఇప్పుడు మధ్యాహ్నం మిషను ఆపి, బల్లకి దూరంగా మెట్ల మీద కూర్చుని గుడ్డు తింటున్నాడు.

"మేక నెమరేసినట్టు ఎంతసేపండీ?" అంటుంది అత్తయ్య.

"నమలమని పోరింది నువ్వే కదే!"

మొన్న మళ్లీ దళసరి బట్ట పరిచాడు. మధ్యమధ్య ఆగి ఊపిరి తీసుకున్నాడు గానీ, గీత తప్పలేదు. పని కాగానే టేపు నా చేతికిచ్చి చొక్కా చెయ్యి పైకి లాగాడు.

"నడుము కాదురా. జబ్బ కొలిచి చూడు."

"కండ బిగించకు మామయ్యా, దొంగ కొలత వస్తుంది."

"బిగించలేదురా," అన్నాడు, ఊపిరి బిగబట్టి.