తొమ్మిది రోజుల హాజరు

నా చేతిరాత బాగుంటుందని చిన్నప్పటి నుంచీ అందరూ అనేవారు. పెళ్ళిచూపుల్లో పాట పాడమనలేదు, పేరు రాయమన్నారు. ఆ చేతిరాత చూసే నాకు ఉద్యోగం కూడా ఇచ్చారు. ఇప్పుడు దాన్ని చూస్తే నాకు గిట్టదు. కిరాణా చీటీ రాయాల్సి వచ్చినా ఇంకెవరి చేతిలోనైనా పెన్ను పెడతాను. అందరూ నాకు బద్ధకం అనుకుంటారు. అనుకోనీ.

కోరాపుట్ కొండల మీద కొత్తగా ఫ్యాక్టరీ కాలనీ కడుతున్న రోజులవి. మా ఆయన అక్కడ ఫిట్టరు. మా వీధి నిండా విజయనగరం, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన సంసారాలే. ఇళ్ళు కట్టే పనికి మాత్రం చుట్టుపక్కల కొండ ఊళ్ళ నుంచీ, పొట్టంగి వైపు నుంచీ ఆడకూలీలు వచ్చేవారు. పసిపిల్లల్ని ఇసక గుట్టల నీడన పడుకోబెట్టి ఇటుకలు మోసేవారు. ఒక పిల్లవాడు సున్నం గుంటలో చెయ్యి పెట్టి కాల్చుకున్నాక పిల్లల కోసం రేకుల షెడ్డు వేశారు. చూసుకోవడానికి చదువుకున్న ఆడమనిషి కావాలన్నారు. నాకు పిల్లలు లేరు, ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక వెళ్ళాను. ఉద్యోగం తాత్కాలికం. తనిఖీకి వచ్చినవాళ్ళు అంతా సవ్యంగా ఉందని రాస్తేనే షెడ్డూ ఉంటుంది, నేనూ ఉంటాను.

పదమూడు మంది పిల్లలు. నేనేమీ దేవతను కాదు. కసురుకునేదాన్ని, ముక్కులు తుడిచి, చాపల మీద వరసగా కూర్చోబెట్టి పాలు పోసేదాన్ని. వాళ్ళలో రెండేళ్ళ ఆడపిల్ల ఒకతె షెడ్డు మధ్య గుంజని ఒక చేత్తో పట్టుకునే కూర్చునేది. పాలు తాగినా, ఏడ్చినా, నిద్రపోయినా ఆ చెయ్యి తీసేది కాదు. పేరు రాయను. ఆ ఊళ్ళలో పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు, ఆ ఒక్క పేరుతోనే నా దగ్గర ముగ్గురుండేవారు. నేను మాత్రం గుంజపిల్ల అని పిలిచేదాన్ని. పిలిస్తే తల తిప్పేది కూడా.

ఆ పిల్ల కొన్నాళ్ళు రాలేదు. తల్లి పనికి వస్తూనే ఉంది. ఒకరోజు కుళాయి దగ్గర కనిపిస్తే, నాకొచ్చిన సగం సగం ఒడియాలో నీ టోకీ ఏదని అడిగాను. టోకీ అంటే అమ్మాయి. ఆవిడ గడ్డంతో కొండల వైపు చూపించి ఒక్క మాట అంది.

"చాలిగలా."

వెళ్ళిపోయింది అని అర్థం. కొండ అవతల అమ్మమ్మ దగ్గరకి పంపిందనుకున్నాను. "మంచిదే, ఒళ్ళు సేస్తాది. మళ్ళీ ఎప్పుడొస్తాది?" అని నవ్వుతూ అడిగాను, తెలుగులోనే. ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసి, బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఒడియా సరిగా రాక పొరబడ్డానని తర్వాత చాలామందికి చెప్పుకున్నాను. అది అబద్ధం. మన భాషలో పోయింది అంటే ఏమిటి? అదీ ఇదీ ఒకటే మాట. ఊరికి పోయినా పోవడమే, ప్రాణం పోయినా పోవడమే. మా నాయనమ్మ పోయినప్పుడు ఇంటిల్లిపాదీ ఆ మాటే అన్నారు. రెండర్థాలూ తెలిసినదాన్నే నేను. నాకు ఇబ్బంది లేని అర్థం తీసుకుని ఇంటికొచ్చి వంట చేసుకున్నాను.

ఇది జరిగిన మూడు వారాలకి తనిఖీ కాగితం వచ్చింది. వెల్ఫేర్ ఆఫీసు గుమస్తాగారు అది పట్టుకుని షెడ్డుకి వచ్చారు. శ్రీకాకుళం మనిషి, మా నాన్న వయసు. చంకలో మూడు కొత్త రిజిస్టర్లు.

"ఏటమ్మీ ఇది? నాలుగు నెల్లనుంచి నడుపుతున్నావు, హాజరు పట్టీయే లేదా?"

"ఎవులిచ్చేరు నాకు పట్టీ? మీరిచ్చింది సాపలూ గలాసులూను" అన్నాను.

"సరే, ఇప్పుడిస్తన్నాను గదా. మొదటి రోజు కాడ్నించీ రాసీ. ఖాళీ గడి కనిపించిందంటే తనిఖీకొచ్చే ఆవిడ సూపు అక్కడే ఆగిపోద్ది."

"ఎవులు ఏ రోజొచ్చేరో నాకేటి గుర్తు?"

"గుర్తెందుకమ్మీ? వచ్చిన రోజుకి పి, రాని రోజుకి ఎ. అందరికీ పి పెట్టీ. అక్కడక్కడా ఒక ఎ పడెయ్యి. పిల్లలందరూ రోజూ వచ్చీసేరంటే అది కూడా నమ్మరు."

రెండు మధ్యాహ్నాలు ఇంట్లో ట్రంకుపెట్టె మీద రిజిస్టరు పెట్టుకుని రాశాను. సంబరంగా రాశాను, దాచడం దేనికి. స్కేలు పెట్టి గీతలు గీశాను. ఎవరికి ఏ రోజు జ్వరం రావాలో నేనే నిర్ణయించాను. ఒకడికి వాన కురిసిన రోజు, ఇంకొకతెకి సంత రోజు. గుంజపిల్ల దగ్గరకి వచ్చేసరికి ఆమె ఎప్పటి నుంచి రాలేదో జ్ఞాపకం రాలేదు. నెల మధ్యలో ఆపేస్తే గీత అందంగా ఉండదని నెలాఖరు దాకా పి పెట్టుకుంటూ పోయాను. అందరికీ ఏదో ఒక జ్వరం ఇచ్చాను గానీ ఆమెకి ఒక్కటీ ఇవ్వలేదు. నెల చివర ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, మానేసిన కారణం అన్న గడిలో గుమస్తాగారు చెప్పిన మూడు ఇంగ్లీషు ముక్కలు రాశాను, సొంత ఊరు వెళ్ళిపోయినట్టు. పాల రిజిస్టరులో కూడా ఆమె గ్లాసు నెలాఖరు దాకా నడిపించాను.

తనిఖీ రోజు షెడ్డంతా ఫినాయిలు వాసన. పిల్లలకి తలలు దువ్వి పౌడర్లు రాశాను. పది గంటలకి జీపు వచ్చింది. దిగినావిడ నడివయసు ఒడియా మనిషి, సంబల్‌పురి చీర, మెడలో గొలుసుకి కళ్ళజోడు. గట్టిగా మాట్లాడే రకం కాదు. చాపలు చూసింది, పాలు వాసన చూసింది, ఒక పిల్లవాడి గోళ్ళు చూసింది. తర్వాత రిజిస్టర్లు అడిగింది. పేజీలు తిప్పుతూ నా రాత చూసి గుమస్తాగారితో ఏదో మెచ్చుకోలుగా అంది. ఆయన నా వైపు చూసి కళ్ళెగరేశారు. ఇక గట్టెక్కినట్టే అనుకున్నాను.

మానేసినవాళ్ళ గడిలో ఒక్కటే పేరుంది. ఆ తల్లి ఇంకా ఇక్కడ పని చేస్తోందా, ఒకసారి మాట్లాడాలి అందావిడ. తల్లులు పిల్లల్ని పంపడం ఎందుకు మానేస్తున్నారో తెలుసుకోవాలట. గుమస్తాగారు హుషారుగా బయటికి వెళ్ళి పిలుచుకొచ్చారు. గుంజపిల్ల తల్లి నెత్తి మీద చుట్టగుడ్డ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. మోకాళ్ళ దాకా ఇటుక దుమ్ము.

పిల్లని ఎందుకు మానిపించావని తనిఖీ ఆవిడ అడిగింది.

"చాలిగలా" అంది తల్లి. కుళాయి దగ్గర అన్న మాటే, అదే గొంతు.

తనిఖీ ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. ఆ భాషలో పుట్టిన మనిషికి ఆ మాటలో అనుమానం ఏమీ లేదు. కళ్ళజోడు తీసి మెల్లగా అడిగింది, ఎలా అని. జ్వరం, మూడు రోజులు. ఎప్పుడని అడిగింది. తల్లికి తేదీలు తెలియవు. పెద్ద బిల్డింగు స్లాబు వేసి అందరికీ బూందీ పంచారే, ఆ మర్నాడు తెల్లారి అంది.

స్లాబు వేసిన తేదీ కాలనీలో అందరికీ తెలుసు. తనిఖీ ఆవిడ గుమస్తాగారిని అడిగి, ఆ మర్నాటి గడి మీద వేలు పెట్టి, అక్కడి నుంచి నెలాఖరు దాకా ఒక్కొక్క గడే జరిపింది. ఆదివారాలు పోను తొమ్మిది గడులు. తొమ్మిది పీలు, ఒకే సిరా, ఒకే వాలు.

"ఏమిటివి?" అని నన్ను హిందీలో అడిగింది.

ఈలోగా తల్లి ముందుకి వంగి, ఆ వేలు ఏం చూపిస్తోందని అడిగింది. గుమస్తాగారు కంగారులో, ఏదో ఒకటి చెప్పి పంపేద్దామనుకుని, ఒడియాలో అనేశారు. నీ పిల్ల ఇక్కడికి వచ్చిన రోజులు, మరేమీ లేదు, నువ్వెళ్ళి పని చూసుకో అని.

ఆవిడ వెళ్ళలేదు. స్లాబు తర్వాతా అని అడిగింది. బొటనవేలితో వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుంటూ గడుల్ని చూసింది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. కోపం లేదు ఆ మొహంలో. ఉంటే ఎంత బాగుండేదో.

"డుమా?" అంది.

చనిపోయినవాళ్ళు తిరిగి వచ్చి మనుషుల మధ్య మసలితే వాళ్ళని ఆ కొండల్లో డుమా అంటారు. చచ్చిపోయిన తర్వాత తన పిల్ల నా దగ్గరకి వచ్చిందనీ, నేను చూసి రాసుకున్నాననీ ఆవిడ అనుకుంది. పుస్తకంలో ఉన్నది అబద్ధం కావచ్చునన్న ఊహే ఆవిడకి రాలేదు.

ఆవిడ మొహం చూసి, ఆ తల్లి మనసు కుదుటపడాలని అలా అన్నానని రాసుకోవచ్చు. రాయను. ముందు నాకు గుర్తొచ్చింది ఉద్యోగం. రాలేదంటే రిజిస్టరు దొంగది, షెడ్డు మూతపడుతుంది, మిగిలిన పన్నెండు మందీ మళ్ళీ ఇసక గుట్టల పాలు. ఆవిడ మొహం తర్వాత గుర్తొచ్చింది.

"వచ్చింది" అన్నాను, ఒడియాలోనే.

పాలు తాగిందా? తాగింది. ఏడ్చిందా? లేదు. ఎక్కడ కూర్చుంది? గుంజ పక్కన. ఆవిడ వెళ్ళి ఆ గుంజ మీద, రెండేళ్ళ పిల్ల చెయ్యి అందే ఎత్తున, అరచెయ్యి ఆనించి నిలబడింది.

తనిఖీ ఆవిడ ఇంకేమీ అడగలేదు. నమ్మిందో, నమ్మలేదని పైకి అనడానికి ధైర్యం చాలలేదో నాకిప్పటికీ తెలియదు. రిజిస్టర్లు సక్రమంగా ఉన్నవి అని రాసి సంతకం పెట్టి, మేమిచ్చిన పాలు కూడా ముట్టుకోకుండా జీపెక్కింది.

"మంచి పని సేసేవమ్మీ. దాని మనసూ కుదుటపడ్డాది, మన కాయితమూ కుదుటపడ్డాది" అన్నారు గుమస్తాగారు. ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. మాట పడవలసిన మనిషిని నేనే కాబట్టి ఊరుకున్నాను.

ఆ మర్నాటి నుంచీ మధ్యాహ్నం పని ఆపిన గంటలో ఆవిడ వచ్చి గుంజకి ఎదురుగా కూర్చునేది. ఇవాళ వచ్చిందా అని అడిగేది. ఒక్కోరోజు లేదనేదాన్ని, ఒక్కోరోజు ఇప్పుడే వెళ్ళిందనేదాన్ని. మళ్ళీ అవే పీలూ, అవే ఎలూ, ఈసారి నోటితో. ఒకసారి ఆవిడ అడిగింది. గుమ్మం బయట రోజూ అంబలి పెడుతున్నాను, నా దగ్గరకి రాదేం, నీ దగ్గరకే ఎందుకొస్తుంది? నేను పొంగుతున్న పాలు దించే వంకతో లేచిపోయాను.

చివరికి నాకే భయం పట్టుకుంది. గుంజ పక్కన చాప వేయడం మానేశాను. అటు నడవాల్సి వస్తే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. నన్ను చూసి పిల్లలు కూడా అక్కడ కూర్చోవడం మానేశారు. పాలు పోసేటప్పుడు గ్లాసులు లెక్కపెడితే ఒకటి ఎక్కువ పెట్టేసేదాన్ని. తీసి లోపల పెట్టాలంటే చెయ్యి ఆడేది కాదు. అబద్ధం నాదే అని తెలిసినా పట్టపగలు అటు వీపు పెట్టి కూర్చోలేకపోయేదాన్ని.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు వాక్యం కూర్చుకున్నాను. రాలేదమ్మా, నేనే రాశాను. ఒడియాలో పదాలు అడిగి మరీ నేర్చుకున్నాను. అప్పటికి నా ఉద్యోగం ఖాయం అయింది. ఆవిడ వచ్చి కూర్చోగానే ఆ వాక్యం నోట్లోనే ఉండిపోయేది.

వానలు మొదలయ్యే ముందు బిల్డింగు పని అయిపోయింది. కూలీలని టికిరి వైపు రోడ్డు పనికి తీసుకెళ్ళడానికి లారీ వచ్చింది. అందరూ మూటలతో ఎక్కుతున్నారు. ఆవిడ లారీ దగ్గరనుంచి పరుగున షెడ్డుకి వచ్చింది. ఎప్పుడూ కూర్చునే చోట కూర్చోలేదు. గుంజ వైపు ఒకసారి చూసి, నా చెయ్యి పట్టుకుంది. ఇటుకలు మోసి మోసి ఆ చెయ్యి గరగరలాడుతోంది.

మేం టికిరి వెళ్ళిపోతున్నాం, మళ్ళీ ఇటు రాం అంది. పిల్లకి ఆ దారి తెలియదు, ఎప్పుడూ అటు తీసుకెళ్ళలేదు. ఈసారి వచ్చినప్పుడు నువ్వు చెప్పు, అమ్మ టికిరిలో ఉందని, అక్కడికి రమ్మని.

లారీ హారన్ కొడుతోంది. ఆవిడ నా జవాబు కోసం నిలబడే ఉంది.

చెప్తానన్నాను.