ముద్దమందారం మీద కొంగు

చల్లపల్లి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో ముద్దమందారం మొక్క ఉంది. నల్ల కవర్లో గుప్పెడు మట్టి, మొక్క నిండా పూలు. విజయవాడలో మా బాల్కనీ మందారానికి పేడ ఎరువు వేశాను, ఉల్లిపొట్టు నానబెట్టిన నీళ్ళూ పోశాను. అయినా మొగ్గలన్నీ విచ్చకుండానే పసుపు రంగుకి తిరిగి రాలిపోయేవి. నాకు కన్నుకుట్టింది.

"ఎంత బాగా పూసిందండీ," అన్నాను.

ఆవిడ చంటిబిడ్డకి కప్పినట్టు మొక్క మీద కొంగు కప్పేసింది. నాకు చురుక్కుమంది.

"నా దిష్టి తగులుతుందనాండీ?"

"మిమ్మల్నని కాదమ్మా. మా కోడలు చూసినా ఇంతే."

కంకిపాడు దాటాక బస్సు కుదుపుకి కొంగు కింద నుంచి ఒక పువ్వు జారి నా ఒళ్ళో పడింది. తిరిగి ఇవ్వబోయాను.

"ఉంచుకోండమ్మా. మొక్కని మాత్రం అట్టా చూడమాకండి," అంది.

ఆ పువ్వు తలలో పెట్టుకోలేదు. పారేయనూ లేదు.

మొన్న మా బాల్కనీలో మొట్టమొదటి మందారం విచ్చింది. ఎదురు ఫ్లాట్ ఆవిడ వచ్చి, "ఎంత బాగుందండీ," అంది. కుండీ మీద కొంగు ఎప్పుడు కప్పానో నాకే తెలియదు.