కవిత కొన్న సీసాలు

2023లో వానలు తగ్గుముఖం పట్టిన రోజులవి. సూరత్ పక్కన ఇచ్ఛాపూర్‌లో నాకొక కిరాణా దుకాణం ఉంది. మాది నిజామాబాద్ వైపు. హజీరా కంపెనీల్లో పనిచేసే మన ఇంజనీర్లయినా, ఫ్యాక్టరీ కార్మికులైనా పచ్చళ్లకీ పప్పులకీ నా దగ్గరికే వస్తారు. ఇంజనీర్ల ఇళ్లలో ఇద్దరూ ఉద్యోగాలకు పోతే రాత్రి వంట పావుగంటలో తేలిపోవాలి. వాళ్ల కోసమని ఒక ‘ఇంపోర్టెడ్ ర్యాక్’ పెట్టాను. అంటే సోయా సాస్, కొరియా వాళ్ల ఎర్ర మిరప పేస్టు, అరబ్బు దేశాల నువ్వుల ముద్ద తహిని లాంటి విదేశీ సరుకు ఉండే అర. ఇదంతా ‘స్లో మూవింగ్’ సరుకు, పప్పూ ఉప్పూ లాగా రోజూ కదలదు.

ఆ అరను పట్టుబట్టి ఖాళీ చేసిన మనిషి కవిత. చీరలు మడతపెట్టి ప్యాక్ చేసే కార్ఖానాలో పని ఆమెది. భర్త రమేశ్ ఒక ఫ్యాక్టరీలో ఫిట్టర్. పని నుంచి వస్తూ దుకాణంలోకి వచ్చి, గబగబా చేసిన వంటకు రుచి తెచ్చేది ఏదైనా ఇమ్మంది. సోయా సాస్ ఇచ్చి, మిగిలిన అన్నాన్ని గుడ్డుతో వేయించి రెండు చెంచాలు పోయమన్నాను. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది. ఆయనకు నచ్చలేదట. తహిని ఇచ్చి వంకాయ కూరలో చివర్న కలపమన్నాను. అదీ నచ్చలేదు. కొరియా పేస్టునైతే మన రోటి పచ్చడిలా వేడి అన్నంలో నూనె పోసి కలిపి, మొదటి ముద్దకు పెట్టిందట. విని నవ్వుకున్నాను గానీ, ఇంట్లో అలాగే తిని చూస్తే, నిజం చెప్పొద్దూ, ఇంకో ముద్ద కలుపుకున్నాను. మరి ఆ మహానుభావుడికి ఏమైనట్టు?

“గడ్డి తిన్నట్టున్నదంటడు అన్నా. పళ్లెం జరిపి లేస్తుండు,” అంది కవిత.

నాకు బుర్ర పనిచేయలేదు. సీసాల మీద ఎక్స్‌పైరీ తారీఖులు చూశాను, అన్నీ బాగానే ఉన్నాయి. బయట ఎక్కడో మెక్కి వస్తున్నాడేమో అనుకుందామంటే, దారిలో కనిపించినప్పుడు చూశాను, మనిషి చిక్కిపోయి చొక్కా వేలాడుతోంది. ఇంకా ఘాటైనది ఏదైనా చూస్తానంటే ఆమె వద్దంది.

“నా చేతి వంటనే పాడైందంటే నేనిక్కడెందుకన్నా? దీపావళి సెలవులకు ఊరికి పోత. మళ్ల రాను.”

ఆ గొంతులో అలక లేదు. నాకు భయమేసింది. సీసాలు అమ్ముకునేవాణ్ని, ఒక కాపురం మధ్యలోకి వచ్చి పడ్డానేమిటా అనుకున్నాను.

ఆ ఆదివారం రమేశే దుకాణానికి వచ్చాడు. తన భార్యకు ఇక సీసాలు అమ్మొద్దని చెప్పడానికి కోపంగా వచ్చాడు. అప్పుడు నేను వేరే గిరాకీ కోసం పై అరలోంచి ఫిష్ సాస్ తీస్తున్నాను. చేపల్ని ఉప్పులో ఊరబెట్టి తీసే థాయ్‌లాండ్ సరుకు అది. చేయి జారి అతని కాళ్ల దగ్గరే భళ్లున పగిలింది. ఆ కంపు ఏమని చెప్పను! బియ్యం కొలిపించుకుంటున్న ఇద్దరు గుజరాతీ అమ్మలు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బియ్యం వదిలేసి వెళ్లిపోయారు. రమేశ్ మాత్రం ఆ మడుగులో నిలబడే తను చెప్పాల్సింది చెప్పుకుపోతున్నాడు. చివరికి కిందికి చూసి, “సోయా సాసా అన్నా? తుడువుండ్రి, ఎవలన్న జారిపడ్తరు,” అన్నాడు.

వేళాకోళం చేస్తున్నాడేమో అనుకున్నాను. ముఖం చూస్తే అలా లేదు. కళ్లు మూసుకోమని, ఇంగువ డబ్బా మూత తీసి ముక్కు కింద పెట్టి, ఏమిటో చెప్పమన్నాను. పీల్చాడు. మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు కదా అన్నాడు. కళ్లు తెరిచి డబ్బా చూసి, పక్కనున్న బస్తా మీద కూలబడ్డాడు.

వానల్లో జ్వరం వచ్చి పోయిన దగ్గర్నుంచి తిండి చప్పబడిందట. ముక్కు పోయిందని అతనికే తెలియదు. కవిత పొద్దంతా పనిచేసి వచ్చే మనిషి కదా, ఏదో ఉడకేసి పెడుతోందనుకున్నాడు. జాలిపడి కొన్నాళ్లు నోరు మూసుకున్నాడట కూడా. ఫోన్ చేసి కవితను పిలిపించాను. సంగతంతా విని ఆమె బస్తా మీదున్న రమేశ్ ముందుకు వచ్చి నిలబడింది.

“అయితే నా వంట మంచిగనే ఉన్నదా?” అని అతన్ని అడిగింది.

“నాకేం ఎరుక? ఇన్ని దినాలు ఏం తిన్ననో నాకే తెల్వది,” అన్నాడు తల దించుకుని.

అప్పుడు ఏడ్చింది, దుకాణంలో అందరూ చూస్తుండగానే.

ఉప్పు, పులుపు, తీపి, చేదు లాంటివే నాలుకకు తెలుస్తాయని, మిగతా రుచంతా ముక్కుదేనని, తర్వాత రమేశ్‌ను చూసిన డాక్టరు చెప్పాడట. వాసన తిరిగి రావచ్చు, రాకపోనూ వచ్చు. ఇన్నేళ్లుగా రుచి అమ్ముతున్నాననుకున్న నాకు, నేను అమ్మేది అసలేమిటో ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. సీసా చేతికిచ్చే ముందు తినేదెవరని అడగడం మాత్రం నేర్చుకున్నాను.

దీపావళి దాటాక కవిత వచ్చింది. ఊరికి పోలేదు. కందిపప్పు, ఎల్లిపాయలు తీసుకుంది. రమేశ్ తింటున్నాడా అని అడిగాను.

“వాసన ఇంక రాలేదన్నా. మొదటి ముద్ద నేను తిని చెప్త. ఇయ్యాల ఎల్లిపాయ పోపు మంచిగ వేగింది, పప్పు కమ్మగున్నది అని. గప్పుడు తింటడు.”