పది లక్షల ఒకటి

డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్తలో నాకు రాని లెక్క లేదనుకునేవాణ్ణి. (ఎదురుపడలేదు, అంతే.) మామకు గొంతు క్యాన్సర్ అని తేలి ప్రొద్దుటూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు పక్కన ఉండే పని నాకు అప్పగించారు. జమ్మలమడుగులో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మూడో రోజున స్వరపేటిక తీసేస్తారు, ఆపైన మాట ఉండదు. మిగిలిన కాస్త గొంతుతో ఎవరైనా పిల్లల సంగతో దేవుడి సంగతో మాట్లాడతారు. మామ నన్ను పిలిచి, "పది లక్షల ఒకటి. ప్రధాన సంఖ్యనా, కాదా? ఫోను ముట్టుకోగాకు," అన్నాడు బొంగురుగా.

వార్డు బయట బెంచీ మీద కూర్చుని మందుల చీటీల వెనక భాగాలన్నీ నింపాను. మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో భాగిస్తే ప్రతిసారీ శేషం రెండే. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే ఆ 1000001 నన్ను వెక్కిరిస్తున్నట్టుండేది. ఫ్లాస్కుతో వచ్చిన అత్త చూసి, "ఆయప్పకు గొంతు కోస్తామంటాంటే నువ్వు భాగారాలు చేస్తాండావా? మీ ఇద్దరికీ శానా తిక్క," అని కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆపరేషన్ రోజు పొద్దున, తొంభై ఏడు దాకా వెళ్లి విసుగొచ్చి, "ప్రధాన సంఖ్యే మామా," అని తీర్పిచ్చాను.

"యాడిదాకా చూసినావు?"

"తొంభై ఏడు."

"వెయ్యి దాకా చూడల్ల గదరా! ఇంకొక్క అడుగు ఏసింటే..." నవ్వబోయి దగ్గాడు. గుడ్డ మీద నెత్తురు. నర్సు నన్ను బయటికి తరిమింది. తొంభై ఏడు తర్వాతి ప్రధాన సంఖ్య నూటొకటి. భాగించాను. శేషం లేకుండా తెగింది, 9901 సార్లు. చెబుదామని పరిగెత్తేసరికి స్ట్రెచర్ తలుపులు దాటిపోయింది.

రెండు రోజులకు, మాట పోయిన మామకు పలక మీద 101 × 9901 అని రాసి చూపించాను. ఆయన 9901 కింద గీత గీసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. దీని వర్గమూలం వంద లోపే కాబట్టి తొంభై ఏడు దాకా చూస్తే చాలు. సాయంత్రం దాకా కూర్చుని ఇరవై ఐదు భాగారాలూ చేసి, "ఇది మాత్రం ప్రధాన సంఖ్యే మామా," అన్నాను. మామ చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా నవ్వాడు. "చేసిన పనే మళ్లా చేసినావు," అని రాశాడు. అర్థం కాలేదు. అడగడానికి సిగ్గేసింది, రేపు అడుగుదాంలే అనుకున్నాను. ఆ రేపంతా జ్వరం. ఆ మర్నాడు జమ్మలమడుగుకు ఆంబులెన్సులో వెళ్లాం, మామ ముఖం మీద దుప్పటి.

ఈమధ్య పులివెందుల బడిలో తొమ్మిదో తరగతికి కారణాంకాలు చెబుతుంటే తట్టింది. 9901ని భాగించేది ఏదైనా పది లక్షల ఒకటినీ భాగించాలి. తొంభై ఏడు దాకా ఏదీ భాగించదని బెంచీ మీద నేనే తేల్చాను కదా! సుద్దముక్క పట్టుకుని నవ్వుతూ నిలబడిపోయాను.

"ఏంది సార్, నవ్వుతాండారు?" అంది ముందు వరస పిల్ల.

"ఒకాయన చెప్పింది ఇప్పుడర్థమైందమ్మా."

"అయితే పోయి ఆయనకు చెప్పండి సార్, సంతోషపడతాడు."

అటు తిరిగి, అవసరమైన దానికంటే చాలాసేపు బోర్డు తుడిచాను.