వినాయకుల మామయ్య, మునగకూడని పడవ

నా చిన్నప్పుడు జరిగిన ఏ సంగతైనా నా నోట్లో పడితే పిల్లి కాస్తా పులవుతుంది. ముందే ఒప్పుకుంటున్నాను, ఇందులోనూ అలాంటివి ఉన్నాయి.

మా మామయ్య ధూల్‌పేట్‌లో వినాయకులు చేసేవాడు. ఫైబర్ పని కూడా ఆయనకు తెలుసు. అది విని ఒక ఎండాకాలం రిటైరైన టీచరమ్మ ఒకావిడ తన పాత ఫైబర్ తెరచాప పడవను లారీలో తెచ్చి మా గల్లీలో దించింది. దాని పొడవు చార్మినార్ నుంచి మదీనా చౌరస్తా దాకా ఉండేది. వానలు మొదలయ్యాక హుస్సేన్‌సాగర్‌లో మనవరాలికి పడవ నడపడం నేర్పాలని ఆవిడ ఆశ.

పడవ పైభాగం రెండు ఫైబర్ పొరల మధ్య చెక్క పెట్టి చేసినది. వదులైన స్క్రూల పక్కనుంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగి లోపలి చెక్క కుళ్ళిపోయింది. పైకి చూస్తే మాత్రం రంగు నిగనిగ. ఎక్కడెక్కడ పాడైందో కనుక్కునే పని నాది. స్క్రూడ్రైవర్ పిడితో జానెడుకొకసారి కొట్టాలి. టక్కుమంటే మంచిది. చప్పగా పలికితే చాక్‌పీస్‌తో సున్నా చుట్టాలి.

"ఏందిరా, చేతులకు మెహందీ పెట్టుకున్నవా? గట్టిగ కొట్టు!" అనేవాడు మామయ్య.

లక్షసార్లు కొట్టాను. సున్నా చుట్టిన చోటల్లా ఆయన పైపొర కోసి, నానిన చెక్కను ఉలితో తవ్వి తీశాడు. ఇక ఎండబెట్టడం. అంత ఎండలోనూ ఆ తడి రోజుల తరబడి ఆరలేదు. ఆరాక కొత్త చెక్క పెట్టి, ఫైబర్ గుడ్డ పరిచి, రెసిన్ జిగురు పూయడం. ఆ వాసనకు గల్లీలో ఈగలు సైతం ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. మామయ్య కూర్చున్నచోటే కునికేవాడు. అవతల వినాయకుల పని మొదలుపెట్టే రోజులు దగ్గరపడుతున్నాయి.

"మామా, జర తడి ఉంటే ఏమైతది? మీద రంగేస్తే ఎవ్వలకెరుక?" అన్నాను ఒకరోజు విసుగొచ్చి.

ఆయన కళ్ళు తెరవకుండానే నవ్వాడు. "మనం చేసినయన్నీ పదకొండు దినాలు నిలవడితే సాలు బిడ్డా, ఆఖరికి గా సాగర్లనే కరుగుతయి. గిది అవే నీళ్ళల్ల మునుగొద్దు. నా చేతులకు గీ పని అలవాటు లేదు. గదే ఫికర్."

రేపు రంగు వేస్తారనగా, తెరచాప స్తంభం నిలబెట్టే చోట కూర్చుని ఊరికే పిడితో కొట్టాను. చప్పగా పలికింది. మొదట్లో నేను బద్ధకించి వదిలేసిన చోటది. చెబితే మళ్ళీ పదిరోజుల చాకిరీ. చెప్పకపోతే, గాలికి స్తంభం కుంగే రోజున పడవలో ఉండేది టీచరమ్మ మనవరాలు. మామయ్య గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము. పరుగెత్తి వెళ్ళి లేపి చెప్పేశాను. ఆయన తిట్టలేదు. ఉలి తీసుకుని లేచాడు.

వానాకాలంలో ఆ పిల్ల పడవ నడుపుతుంటే మేమిద్దరం ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూశాం. పడవ ఒడ్డుకు చేరేదాకా మామయ్య కదల్లేదు. తాను చేసింది నీళ్ళలోకి వెళ్ళి తిరిగిరావడం ఆయన చూడటం అదే మొదటిసారి.

ఇప్పటికీ కొత్తగా రంగేసిన గోడ కనబడితే నా వేలు దానంతటదే వెళ్ళి కొడుతుంది. ఇక కల్పించింది ఏమిటంటే, పడవ పొడవూ ఈగల సంగతీ మీరే పట్టేసి ఉంటారు. అసలు అబద్ధం వేరే ఉంది. నేను పరుగెత్తనూ లేదు, చెప్పనూ లేదు. ఆ చోటు మీదే కదలకుండా కూర్చున్నాను. ఆ చప్పుడుకు మామయ్యే లేచి వచ్చి, "జర జరుగు బిడ్డా" అని, నేను లేచిన చోట పిడితో కొట్టి విన్నాడు. నావైపు చూశాడు. చాక్‌పీస్ నా చేతిలో పెట్టాడు.

సున్నా చుట్టింది మాత్రం నేనే.