యాభై తొమ్మిది కాదు

ఆ ఉదయం మా కాన్వెంట్ గేటుకి కట్టిన ఫ్లెక్సీకి ఒక మూల తాడు ఊడిపోయి, గాలికి పటపట కొట్టుకుంటోంది. కూరగాయలు కొనడానికి వెళుతున్నదాన్ని ఆగి, ఆ మూల పట్టుకుని చదివాను. ఆయమ్మ ఫొటో. కింద, "మా పరుగుల రాణికి కన్నీటి వీడ్కోలు. వయసు 59." ఆయమ్మ పోయిందని నాకు అలా తెలిసింది. దుఃఖం తరవాత వచ్చింది. ముందు వచ్చింది కోపం. అది ఇంకా పోలేదు.

తాడేపల్లిగూడెంలో ఆ స్కూల్లో చదివినవాళ్ళకి ఆయమ్మ గురించి చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళకి చెబుతాను. గంట కొట్టేది ఆవిడే. వాంతి చేసుకున్న పిల్లల్ని కడిగేదీ, గేటు తాళం వేసేదీ ఆవిడే. గణపవరం అవతల, కొల్లేరు వైపు ఆవిడ ఊరు. చిన్నప్పుడు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని గట్ల మీద ఆకివీడు దాకా పరిగెత్తేదట. "చేప కళ్ళు తెల్లబడితే ఎవరూ కొనరు పాపా. ఈలోపే చేరాలి." గేటు దగ్గర ఆలస్యంగా వచ్చినవాళ్ళని కూడా ఆ మాటతోనే తరిమేది. "రండి రండి, కళ్ళు తెల్లబడిపోతన్నాయి." అర్థం తెలియకపోయినా పరిగెత్తేవాళ్ళం.

నాకు మనుషులతో మాట్లాడటం చేతకాదు. ఆఫీసు రూములో ఎవరైనా పేరడిగితే పుస్తకం అట్ట మీద రాసుకున్న పేరు చూపించేదాన్ని. మధ్యాహ్నం గంట కింద అరుగు మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. ఆయమ్మ పక్కన కూర్చుని తన క్యారేజీ తినేది. "నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా పాపా?" అనేది. తెరవమని మాత్రం ఎప్పుడూ బలవంతపెట్టలేదు. సాయంత్రం అందరూ వెళ్ళాక కుచ్చిళ్ళు ఎగదోపుకుని గ్రౌండు చుట్టూ పరిగెత్తేది. మా ఆటో వచ్చేదాకా మెట్ల మీద కూర్చుని చూసేదాన్ని. ఎవరితోనూ పందెం లేదు. ఊరికే పరిగెత్తేది.

నేను స్కూలు వదిలిన ఎన్నో ఏళ్ళకి, కిందటేడు, పేపర్లో చూశాను. విశాఖపట్నంలో పెద్దవాళ్ళకి పరుగు పందేలు, అయిదేళ్ళకో గ్రూపు. వెళ్ళి చెబితే ఆవిడ చీపురు పక్కన పెట్టింది.

"ముసలాళ్ళక్కూడా పెడతారా?"

"పెడతారు ఆయమ్మా."

"అయితే నాకు అరవై దాటినోళ్ళతో పందెం. ఆళ్ళని కొట్టేత్తాను చూడు."

సెలవు అడగడానికి వెళ్ళినప్పుడు నేను తలుపు బయటే నిలబడ్డాను. పెద్ద మేడం మాటలు అక్కడికి వినిపించాయి. "ఈ వయసులో పరుగులేంటమ్మా? కాలు విరిగితే మా మెడకి చుట్టుకుంటుంది. రెండు రోజులు గంట ఎవరు కొడతారు?"

"ఎవరు కొట్టినా మోగుద్దండీ," అంది ఆయమ్మ.

సెలవు ఇవ్వలేదు. జ్వరమని చెప్పమన్నాను. "వద్దులే పాపా. గెలిచొచ్చి చెప్పుకోవద్దా?" అంది. పరుగు పందేనికని చెప్పే వెళ్ళింది.

నా పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని, గేమ్స్ రూములో పారేసిన తెల్ల కాన్వాసు బూట్లు తొడుక్కుని వచ్చింది. విశాఖపట్నం గ్రౌండులో పేర్లు రాసే బల్ల దగ్గర ఒకాయన ఆధార్ కార్డు చూసి, "యాభై ఎనిమిది. మీరు యాభై అయిదు గ్రూపులో పరిగెత్తాలి," అన్నాడు.

"కాదు బాబూ. పుట్టినరోజు తెలీదంటే ఆ కార్డు తీసిన కుర్రాడు నా మొహం చూసి ఏసేశాడు. జనవరి ఒకటని."

"మొహం చూసి వయసు రాయలేనమ్మా."

"ఆ కుర్రాడు రాసిందేగదండీ మీరు చూత్తన్నారు."

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆయనకి కోపం వచ్చింది. "ఇంకేదైనా ప్రూఫ్ ఉంటే ఇవ్వండి. లేకపోతే పక్కకి జరగండి." పెన్నుతో బల్ల మీద కొడుతున్నాడు. ఆయమ్మ నా వైపు చూసింది. నేను ఆ పెన్ను వైపు చూశాను.

"పోనీలెండి, రాసేయండి," అంది ఆయమ్మ.

తనకన్నా ఏడెనిమిదేళ్ళు చిన్నవాళ్ళతో పరిగెత్తింది. నాలుగో స్థానం. మూడుకే మెడల్. తరవాత అరవై గ్రూపు పరిగెత్తింది. వాచీ చూసుకుంటూనే ఉన్నాను. వాళ్ళలో మొదట వచ్చినావిడకి ఆయమ్మ కన్నా చాలా ఎక్కువ సేపు పట్టింది. ఆవిడ కోసం ఆయమ్మ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

తిరుగు రైల్లో జంతికలు పంచింది. నన్ను ఏమీ అడగలేదు. రాజమండ్రి దాటాక, "ఇంకో రెండేళ్ళు ఆగితే ఆ కార్డే నన్ను ముసల్దాన్ని చేసుద్దిలే. అప్పుడొద్దాం," అంది.

రెండేళ్ళు దొరకలేదు. జ్వరం వచ్చింది. నాలుగు రోజులే.

ఆ రోజు బస్సులో గణపవరం మీదుగా వాళ్ళ ఊరు వెళ్ళాను. చేపల చెరువుల మధ్య గట్టు మీద చిన్న సమాధుల దొడ్డి. పెద్ద మేడం కారులో వచ్చి మాట్లాడింది. "ఆవిడలోని క్రీడాకారిణిని మా పాఠశాల ఎప్పుడూ ప్రోత్సహించింది." అందరూ తలలూపారు. విశాఖపట్నం నుంచి తిరిగి వచ్చిన రోజు, సెలవు లేకుండా వెళ్ళినందుకు, ఆయమ్మ చేత ఆవిడే క్షమాపణ చీటీ మీద వేలిముద్ర వేయించింది. సిగ్గనేది ఉంటే ఆ గట్టు మీద నిలబడగలిగేది కాదు. ఇదీ నేను బయటికి అనలేదు. కాగితం మీద అంటున్నాను.

ప్రార్థన అయ్యాక ఒకతను నల్లరంగు డబ్బా, కుంచె పట్టుకుని సిలువ ముందు కూర్చున్నాడు. పేరు రాశాడు. "వయసు?" అన్నాడు. ఆయమ్మ చెల్లెలు ఆధార్ కార్డు తీసింది. "యాభై తొమ్మిది రాసెయ్యి బాబూ."

"అరవై నాలుగండీ," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. కుంచె చివర నుంచి చుక్క రంగు మట్టిలో పడింది. ఈ మధ్యే ఆ ఊరికి వచ్చిన పాస్టరుగారు, "మీకెలా తెలుసమ్మా?" అని అడిగారు.

గుడ్డ సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాను. బాప్తిస్మం రిజిస్టరులోని పుట్టిన తేదీ, కింద పాత పాస్టరుగారి సంతకం. విశాఖపట్నం వెళ్ళే ముందు ఆదివారం ఆయమ్మా నేనూ వెళ్ళి రాయించుకున్నాం. తనకి చదవడం రాదు కాబట్టి నన్ను దాచమంది. ఆ రోజు బల్ల దగ్గర కూడా అది ఈ సంచిలోనే ఉంది.