ఒకటి కొడితే ఆగాలి

దెయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మడానికైనా కాస్త తీరిక ఉండాలి కదా. అత్త మంచాన పడ్డ దగ్గర్నుంచి కంటి నిండా నిద్రపోయిన రోజు నాకు గుర్తు లేదు. అంత అలసిపోయిన మనిషి దెయ్యం కనిపించినా, పక్కకు జరగమని చెప్పి పడుకుంటుంది.

మాది పలాస. మా ఆయన జీడిపప్పు ఒలిచే చిన్న యూనిట్‌లో సూపర్‌వైజరు. అత్త నాకు పరాయిది కాదు, మా నాన్నకు సొంత అక్క. మేనరికం కాబట్టి మా ఆయనను ఇప్పటికీ బావా అనే పిలుస్తాను. పక్షవాతం వచ్చి అత్తకు మాట పడిపోయింది. కుడివైపు మొత్తం పోయింది. ఎడమ చెయ్యి ఒక్కటీ కాస్త ఆడేది. ఆవిడకు మనుషుల గుర్తు కూడా లేదనీ, ఆశ పెట్టుకోవద్దనీ డాక్టరు చెప్పాడు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పమన్నాడు.

మధ్యాహ్నం ఒక్కసారి కన్ను మూతపడిందంటే నాకు మెలకువ రాదు. తిప్పడం మానేస్తే ఆవిడ వీపు పచ్చి పుండవుతుంది. ఆ కునుకును ఆపడానికే వీడియో గేము మొదలుపెట్టాను. మా అబ్బాయి విజయనగరం హాస్టల్‌కు వెళ్తూ దాన్ని టీవీ కింద వదిలేసి వెళ్ళాడు. భయపెట్టే ఆట. పాడుబడ్డ ఊళ్ళో ఒంటరి ఆడమనిషి, చేతిలో టార్చిలైటు, తుపాకీలో ఒకటో రెండో తూటాలు. టీ తాగితే ఆగని నిద్ర ఆ ఆటకు ఆగింది.

అందరూ దానికి జడుసుకుంటారట. నాకు మాత్రం అందులో దీపం వెలిగే గది ఒకటి నచ్చింది. ఆ గదిలోకి ఏదీ రాదు. అంతవరకు ఆడింది అక్కడ సేవ్ చేసుకోవచ్చు. పని లేకపోయినా ఆ గదిలోకి వెళ్ళి ఊరికే నిలబడేదాన్ని. అలాంటిది మన ఇంట్లో కూడా ఒకటి ఉంటే ఎంత బాగుండును అనుకునేదాన్ని.

మొదటి భాగం పూర్తయ్యాక, సెలవులకు వచ్చిన మా అబ్బాయి రెండో భాగం పెట్టి ఇచ్చాడు.

"అమ్మా, ఇది దానిలాగ కాదు. ఇందులోది ఎక్కడి నించి వస్తాదో ఎవలికీ తెలీదు. ఒకపాలి వచ్చిన సోటకి మళ్ళీ రాదు. సూసుకొని ఆడు" అన్నాడు.

నిజమే. దీపం గది ఇందులోనూ ఉంది గానీ, వెంటాడే ఆ భూతానికి ముఖం ఉండదు, చెవులే; అడుగు చప్పుడు వింటే పట్టేస్తుంది. చచ్చి మళ్ళీ అక్కడికే వస్తే, ఈసారి వేరే తలుపులోంచి వచ్చేది.

ఆ ఎండాకాలం లోపలి గది పెనంలా కాలిపోతుంటే అత్త మంచం హాల్లోకి లాగాం. అసలు సంగతి అక్కడ మొదలైంది.

నేను ఆడుతుంటే అత్త ఎడమ చేతి వేలి కణుపుతో ఇనప మంచం పట్టెను ఠంగుమని ఒక దెబ్బ కొట్టింది. దాహమేమోనని ఆట ఆపి నీళ్ళు పట్టాను. మూతి తిప్పేసుకుంది. బెడ్‌పాన్ పెట్టాను. అదీ కాదు. తిరిగొచ్చి ఆట మొదలుపెట్టి ఒక అడుగు వేశానో లేదో, అది ఎదురుగా వచ్చి నన్ను పట్టేసింది. రోజూ ఇదే తంతు. కొట్టడం, నేను లేవడం, నీళ్ళు, బెడ్‌పాన్, వచ్చి చావడం.

"ఏటత్తా, పడుకోనివ్వవు, ఆడనివ్వవు" అని విసుక్కున్నాను కూడా.

ఒక రోజు దెబ్బ వినబడినా లేవడానికి ఓపిక లేకపోయింది. ఆట రిమోట్ వదిలేసి గోడకు జారగిలపడ్డాను. తెర మీద నా మనిషి కదలకుండా నిలబడి ఉంది. అది ముందున్న తలుపులోంచి వచ్చి, వసారా దాటి, అటు వెళ్ళిపోయింది. అప్పుడు మంచం దగ్గర రెండు దెబ్బలు వినిపించాయి.

ఆ వారమంతా గమనించాను. ఒక దెబ్బ కొడితే అది దగ్గర్లో ఉన్నట్టు. రెండు కొడితే లేనట్టు. ఒకటి రెండుసార్లు కొట్టలేదు, నేను చచ్చాను. లేచి చూస్తే అత్త గుర్రు పెడుతోంది.

రాత్రి భోజనాల దగ్గర బావకు చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"అమ్మ జీడితోటలోకి అలాగే ఎల్లీది. ఉద్దానం తోటల్లో ఎలుగులుంటాయి గదా. ముందు అమ్మ, ఎనకాల పిల్లలం. కర్రతో సెట్టు మానుని ఒక దెబ్బ కొడితే ఎక్కడోలం అక్కడ ఆగిపోవాల. రెండు కొడితే దారి బాగుంది, రండని. ముందెల్లినోలే కొట్టాల. ఎనకోలు ఇనాల. అంతే."

సరే, చప్పుడు విని పసిగడుతోందేమో అనుకున్నాను. టీవీ శబ్దం పూర్తిగా తీసేశాను. మంచం తల అటు మార్చి ఆవిడ ముఖం గోడవైపు ఉండేలా పడుకోబెట్టాను. అయినా కొట్టింది. ఒకటి కొట్టినప్పుడు ఆగాను, అది వచ్చి వెళ్ళింది. రెండు కొట్టినప్పుడు నడిచాను. నాకు భయమేసింది, అబద్ధం చెప్పను. దాని కంటే ఎక్కువగా సంతోషమేసింది. అత్త లోపల ఉంది. ఇన్నాళ్ళూ నేను అన్నం పెట్టింది మనిషికే.

మా వదిన, అంటే బావకు అక్క, విశాఖపట్నంలో ఉంటుంది. అక్కడ ముసలివాళ్ళను చూసుకునే హోమ్ ఒకటి మాట్లాడింది. "అమ్మకి ఏటీ తెలీదే సుగుణా, ఎక్కడున్నా ఒకటే. ఇలాగైతే అమ్మ కన్నా ముందు నువ్వు పోతావు" అనేది. నా మీద ప్రేమతోనే అనేది. ఒళ్ళు హూనమైపోయి, ఇదంతా తెలియక ముందే నేనూ సరేనన్నాను. ఇప్పుడేమో వదిన కారు తీసుకుని రానే వచ్చింది.

ఈ దెబ్బల సంగతి చెబితే, నిద్ర లేక నాకు పిచ్చి పట్టిందన్నట్టు చూసింది. వాదించే ఓపిక లేక అత్త బట్టలు సంచిలో సర్దాను. వదిన మంచం పక్కన వంగి, "అమ్మా, కారు తెచ్చినాను. నాతోటి వస్తావా, తీసికెల్లిపోనా?" అంది.

అత్త పట్టె మీద ఒక దెబ్బ కొట్టింది.

వదిన వంగిన మనిషి వంగినట్టే ఆగిపోయింది. ఆవిడా ఆ తోటలో వెనక నడిచిన పిల్లే కదా. తర్వాత కింద కూలబడి, తల్లి చెయ్యి ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. సంచిలోని బట్టలు తనే తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. కారు ఖాళీగా వెళ్ళింది. వదిన మాత్రం నెల్లాళ్ళు ఉండి, రాత్రిళ్ళు తనే తిప్పి నన్ను పడుకోనిచ్చింది.

వానాకాలంలో అత్తకు ఆయాసం మొదలైంది. ఓ మధ్యాహ్నం కరెంటు లేదు. టీవీ ఆపేసి ఉంది. అత్తను ఎడమవైపుకు తిప్పి, కదలకుండా వీపు వెనక తలగడ పెట్టి, నేను చాప మీద నడుం వాల్చాను. రెండు దెబ్బలు వినిపించాయి.

"వస్తన్నానత్తా" అని లేచాను. నీళ్ళు తెచ్చేసరికి అత్త లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వీధి గుమ్మం వైపు చూస్తున్నాయి. వాన వెలిసి గుమ్మంలో ఎండ పడుతోంది.

చెయ్యి సర్దుదామని దుప్పటి తీశాక తట్టింది. ఎడమ చెయ్యి నేను తిప్పినప్పుడు ఉన్నట్టే ఒంటి కింద ఉంది. దాంతో కొట్టడం కుదరదు. కుడి చెయ్యి ఎప్పుడో చచ్చిపోయింది. పైగా ఆ చప్పుడు ఇనుము మీదది కాదు. ఆ ఠంగుమనే మోత నాకు బాగా తెలుసు. ఇది కర్రతో మాను మీద కొట్టినట్టు మెత్తగా, గుమ్మం వైపు నుంచి వచ్చింది. గుమ్మంలో ఎవరూ లేరు. వీధిలోకి వెళ్ళి చూశాను, అక్కడా లేరు.

ఎంత ఆలోచించినా ఇది నాకు తేలలేదు. దెయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆట ఆ దీపం గదిలోనే ఆగిపోయి ఉంది, మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు పడుకోవచ్చు, లేపేవాళ్ళు లేరు. అయినా తిప్పే వేళకు మెలకువ వచ్చేస్తుంది.

ఆ రోజు బావ పని నుంచి పరుగున వచ్చి, తల్లి కాళ్ళ దగ్గర ఏడవకుండా కూర్చున్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"సరిగ్గా ఇన్నావా? ఒకటా, రెండా?" అని అడిగాడు.

"రెండే బావా."

"అయితే దారి బాగున్నాది" అన్నాడు. అప్పుడు ఏడ్చాడు.